హీబ్రూ గ్రంథంలోని ఘోరసత్వాలు: శత్రువులా, సహజీవులా?

లోకంలో కీడు ఎందుకున్నది అన్న ప్రశ్నకు ప్రాచీన జాతులు చాలావరకు కథల రూపంలోనే సమాధానం చెప్పుకున్నాయి. ఆ కథలలో తరచుగా ఒక మహాసర్పమో, సముద్రగర్భంలోని ఒక ఘోరసత్వమో కనిపిస్తుంది. దేవుడు దానితో పోరాడి వధిస్తాడు. ఆ తరువాతనే జగత్తుకు ఒక క్రమం ఏర్పడుతుంది. ఇటువంటి కథ చెప్పుకున్న జాతికి ఒక సౌలభ్యం ఉన్నది. కీడుకు ఆ సత్వాన్నీ, మేలుకు దేవుణ్ణీ కారణంగా చూపి మనసు కుదుటపరచుకోవచ్చు. అయితే దేవుడు ఒక్కడేననీ, సమస్తాన్నీ ఆయనే సృజించాడనీ నమ్మిన జాతికి ఈ సౌలభ్యం దక్కదు. సమస్తాన్నీ సృజించినవాడు ఆ సత్వాన్ని కూడా సృజించి ఉండాలి. అట్లయితే దానిని ఎందుకు సృజించాడు? తాను సృజించినదానితో తానే ఎందుకు పోరాడాడు? హీబ్రూ ధర్మగ్రంథంలో అక్కడక్కడ తలయెత్తే లెవియాతాను, బెహెమోతు, రాహాబు, తన్నీను అనే వింత ప్రాణుల వెనుక ఉన్న అసలు ప్రశ్న ఇదే.

పేర్లు, ఆకారాలు

ఈ నాలుగింటిలో ప్రసిద్ధమైనది లెవియాతాను. యోబు గ్రంథంలో రెండు చోట్ల, కీర్తనలలో రెండు చోట్ల, యెషయా ప్రవచనాలలో ఒకచోట దాని ప్రస్తావన ఉన్నది. మెలికలు తిరగడం అనే అర్థమున్న ధాతువుతో ఈ పేరుకు సంబంధం ఉన్నదని భాషావేత్తల అభిప్రాయం. బెహెమోతు అన్నది పశువు అనే అర్థమిచ్చే మాటకు బహువచన రూపం. కాని యోబు గ్రంథంలో అది ఒకే ఒక జంతువును సూచిస్తుంది. పశువులలోకెల్ల పశువు అన్న ఘనతను ఆ బహువచనం తెలుపుతున్నదని భావిస్తారు. రాహాబు అనే పేరులో ఔద్ధత్యం, ఉప్పొంగడం అనే ఛాయలున్నాయి. యెరికో పట్టణంలో వేగులవారిని దాచిన స్త్రీ పేరు కూడా తెలుగు లిపిలో ఇట్లాగే కనిపించినా, హీబ్రూలో ఆ రెండు పేర్ల అక్షరాలు వేరు. తన్నీను మాత్రం ఒక ప్రాణికి పెట్టిన పేరు కాదు. పాము, మొసలి, సముద్రసత్వం అన్నిటికీ వర్తించే జాతివాచకం అది. ఫరో ఎదుట అహరోను పడవేసిన కర్ర తన్నీనుగా మారిందని నిర్గమకాండం చెబుతుంది. ఇశ్రాయేలు సముద్రతీరంలో ఒక చిన్న నదికి నేటికీ తన్నీనుల నది అనే పేరున్నది. అక్కడ మొసళ్లు ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల వరకు ఉండేవి.

ఇవి నిజమైన జంతువులేనని వాదించినవారిలో ఫ్రెంచి పండితుడు సామ్యూల్ బోషార్ ప్రముఖుడు. బైబిలులోని జంతువులను గురించి 1663లో వెలువడిన తన బృహద్గ్రంథంలో ఆయన బెహెమోతును నీటిగుర్రంగా, లెవియాతానును మొసలిగా నిరూపించబూనాడు. ఆ నిర్ణయం బలంగా నాటుకున్నది. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో కూడా యోబు గ్రంథపు బెహెమోతు నీటిగుఱ్ఱముగా, లెవియాతాను మకరముగా దర్శనమిస్తాయి. రెల్లు నీడలో, తామరల కింద, బురదనేలలో పడుకొని, నది పొంగి వచ్చినా చలించని బెహెమోతు వర్ణన నీటిగుర్రానికి చక్కగా సరిపోతుంది. కాని దాని తోకను దేవదారు వృక్షంతో పోల్చడం పొట్టి తోక గల ఆ జంతువుకు ఏమాత్రం పొసగదు. లెవియాతాను నోట నిప్పురవ్వలు, ముక్కుపుటాలలో పొగ వెలువడతాయి. అది కదిలితే సముద్రం కుండలోని నీరులా కాగుతుంది. ఏ నదిలోని మొసలికీ ఈ లక్షణాలు లేవు.

పోనీ, కవి కంటికి కనిపించిన జంతువులే వీటికి ఆధారమనుకున్నా చిక్కు విడిపోదు. ఈజిప్టులో నీటిగుర్రం కేవలం జంతువు కాదు. ఎద్ఫూ ఆలయపు గోడలపై హోరస్ దేవుడు నీటిగుర్రం రూపంలో ఉన్న సేత్‌ను బల్లెంతో పొడుస్తున్న దృశ్యాలున్నాయి. అంటే జంతుశాస్త్రం ఎక్కడ ఆగిపోతుందో పురాణం అక్కడ మొదలవుతున్నది.

మట్టిపలకలు చెప్పిన కథ

పందొమ్మిదవ శతాబ్దిలో నినెవె శిథిలాల నుంచి, అష్షూరు రాజు అషుర్బనిపాల్ గ్రంథాలయం నుంచి వెలికి వచ్చిన మట్టిపలకలు ఈ చర్చను మలుపు తిప్పాయి. వాటిలోని బబులోను సృష్టికథను ఇంగ్లండుకు చెందిన జార్జ్ స్మిత్ 1876లో లోకానికి పరిచయం చేశాడు. అందులో మార్దూకు దేవుడు ఉప్పునీటి అధిదేవత తియామతును చంపి, ఆమె శరీరాన్ని రెండుగా చీల్చి, ఒక భాగంతో ఆకాశాన్ని నిర్మిస్తాడు. జర్మను పండితుడు హెర్మన్ గుంకెల్ 1895లో ప్రచురించిన గ్రంథంలో, హీబ్రూ ఘోరసత్వాలన్నిటి వెనుక ఈ బబులోను కథే ఉన్నదని ప్రతిపాదించాడు. ఆదికాండం తొలి వాక్యాలలో అగాధజలానికి వాడిన తెహోమ్ అనే మాటను కూడా ఆయన తియామతు పేరుతో ముడిపెట్టాడు. ఆ రెండు మాటలూ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవే గాని, ఒకటి మరొకదాని నుంచి అరువు తెచ్చుకున్నది కాదని తరువాతి భాషావేత్తలు చూపారు.

మరింత దగ్గరి బంధువు సిరియా తీరంలో బయటపడింది. 1928లో ఒక రైతు నాగలికి తగిలిన పురాతన సమాధి కారణంగా, మరుసటి ఏడు క్లోద్ షేఫర్ నాయకత్వంలో రాస్ షమ్రా దిబ్బపై తవ్వకాలు ఆరంభమయ్యాయి. అది క్రీ.పూ. 1200 ప్రాంతంలో నాశనమైన ఉగారిత్ నగరం. అక్కడ దొరికిన పలకలలో బాలు దేవుడు యామ్ అనే సముద్రదేవుణ్ణి ఓడించిన గాథ ఉన్నది. ఏడు తలల మహాసర్పం కూడా ఉన్నది. ఆ సర్పం పేరు లోతాను లేదా లీతాను అని చదువుతారు. అది లెవియాతాను పేరుకు పూర్వరూపమే. యెషయా ప్రవచనంలో లెవియాతానుకు వాడిన రెండు విశేషణాలు, పరుగెత్తే సర్పమనీ వంకరలు తిరిగే సర్పమనీ చెప్పేవి, ఉగారిత్ పలకలో ఉన్న మాటలకు దాదాపు ప్రతిరూపాలు. కీర్తనకారుడు లెవియాతానుకు ఒకటి కాక అనేక శిరస్సులున్నట్లు ఎందుకు పాడాడో కూడా అప్పుడే బోధపడింది.

కాబట్టి ఈ సత్వాల పుట్టుపూర్వోత్తరాలు ఇప్పుడు పెద్ద రహస్యం కాదు. కనాను దేశపు ఇరుగుపొరుగువారి కథాసంపదను హీబ్రూ కవులు తమదిగా చేసుకున్నారు. అయితే నది ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన దాని నీరు ఏ పొలాన్ని పండించిందో తెలియదు. అరువు తెచ్చుకున్న కథను ఆ కవులు ఏ ప్రశ్నకు వినియోగించారన్నదే విచారించదగినది.

యుద్ధం లేని సృష్టి

ఆదికాండం మొదటి అధ్యాయంలో అగాధజలం ఉన్నది, చీకటి ఉన్నది, కాని పోరాటం లేదు. దేవుడు పలుకుతాడు, నీళ్లు విడిపోతాయి. సృజించడం అనే అర్థంలో, దేవుడు కర్తగా మాత్రమే హీబ్రూలో వాడే ఒక ప్రత్యేక క్రియ ఉన్నది. ఆ అధ్యాయంలో ఆ క్రియ మూడు ఘట్టాలలోనే వస్తుంది. మొదటిది భూమ్యాకాశాల సృష్టి. చివరిది మానవ సృష్టి. నడుమ ఐదవ దినాన జలచరాలనూ పక్షులనూ సృజించిన సందర్భంలో ఆ క్రియ వెంట వచ్చే మొట్టమొదటి పేరు మహాతన్నీనులది. చుట్టుపక్కల జాతుల కథలలో దేవుని ప్రత్యర్థిగా నిలిచిన సత్వం ఇక్కడ సృష్టి జాబితాలో ఒక పద్దుగా మారింది. ఆ దినపు పని కూడా మంచిదిగానే దేవుని కంటికి కనిపించిందని గ్రంథం చెబుతుంది.

104వ కీర్తన ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. ఓడలు తిరిగే విశాల సముద్రాన్ని వర్ణిస్తూ, అందులో ఆటలాడుకోవడానికే దేవుడు లెవియాతానును రూపొందించాడని కవి అంటాడు. ఆ వాక్యాన్ని దేవుడే దానితో ఆటలాడుతున్నట్లుగా కూడా చదవవచ్చు. యూదుల తల్మూదు పండితులు అట్లాగే చదివి, దినంలో కొంత సమయాన్ని దేవుడు లెవియాతానుతో ఆటకు కేటాయిస్తాడని చమత్కరించారు. భయం ఇక్కడ పూర్తిగా తొలగిపోయింది.

ఆపదలో గుర్తుకు వచ్చే యుద్ధం

ఇంతటితో కథ ముగిసి ఉంటే ఏకేశ్వరవాదం పాత పురాణాన్ని నెమ్మదిగా చెరిపివేసిందని చెప్పి ఊరుకోవచ్చు. కాని అదే గ్రంథంలో యుద్ధం మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఎక్కడ వినిపిస్తుందో గమనించాలి. 74వ కీర్తన దగ్ధమైన దేవాలయం ముందు పాడిన విలాపగీతం. దీనిని సాధారణంగా బబులోను సేనలు యెరూషలేమును నాశనం చేసిన క్రీ.పూ. 587-586 నాటి విపత్తుతో ముడిపెడతారు. శత్రువులు గొడ్డళ్లతో నగిషీ పనులను విరగ్గొట్టారు, ప్రవక్తలు లేరు, ఈ దుస్థితి ఎంతకాలమో చెప్పగలవారు లేరు. సరిగ్గా ఆ నిస్సహాయ స్థితిలో కవికి దేవుడు లెవియాతాను తలలు చితకగొట్టిన పూర్వగాథ గుర్తుకు వస్తుంది. యెషయా గ్రంథంలోని మరొక ప్రవచనం దేవుని బాహువునే మేల్కొమ్మని పిలిచి, రాహాబును నరికినది నీవే కదా అన్న భావంతో నిలదీస్తుంది.

ఇవి విజయగీతాలు కావు. విజయం కళ్లముందు ఉన్నవాడు పాత విజయాన్ని దేవునికి గుర్తుచేయవలసిన అవసరం లేదు. సమస్తమూ మంచిదేనన్న ఆదికాండపు ప్రశాంత వాక్యం కాలిపోయిన ఊరిలో నిలబడినవాడికి చాలదు. తనకు జరిగినది అన్యాయమనీ, దేవుడు దానికి ప్రత్యర్థి కావాలనీ అతడు కోరుకుంటాడు. అమెరికాలోని యూదు పండితుడు జాన్ లెవెన్సన్ 1988లో ప్రచురించిన ఒక గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించాడు. హీబ్రూ గ్రంథంలో అవ్యవస్థ నిర్మూలం కాలేదు, హద్దులలో మాత్రమే ఉంచబడిందని ఆయన వాదం. యెషయా 27వ అధ్యాయంలో లెవియాతాను వధ భూతకాలంలో కాక భవిష్యత్తులో జరగవలసినదిగా చెప్పబడడం ఈ వాదానికి బలమిస్తుంది. బాధపడేవాడి దృష్టిలో ఆ యుద్ధం ఇంకా ముగియలేదు.

శత్రువుకు పెట్టిన పేరు

యుద్ధగాథకు మరొక ముఖం ఉన్నది. అది నైతికంగా జాగ్రత్తపడవలసిన ముఖం. యెషయా ఈజిప్టును రాహాబు అని ఎద్దేవా చేశాడు. యెహెజ్కేలు ఫరోను నైలునది పాయల నడుమ పడుకొన్న మహాసత్వంగా చిత్రించి, ఆ నది తనదేననీ తానే దానిని కలుగజేసుకున్నాననీ అతడు విర్రవీగుతున్నట్లు వర్ణించాడు. నెబుకద్నెజరు తన్నీను వలె యెరూషలేమును మింగివేశాడని యిర్మీయా గ్రంథం వాపోయింది. ఇందులో చరిత్ర చేసిన ఒక విచిత్రం ఉన్నది. బబులోనులో ప్రతి సంవత్సరాది ఉత్సవంలో మార్దూకు తియామతును సంహరించిన కావ్యాన్ని పఠించేవారు. తమ రాజ్యం అవ్యవస్థను జయించిన దేవునిదని వారి విశ్వాసం. ఆ రాజ్యం కింద నలిగినవారికి మాత్రం ఆ రాజే ఘోరసత్వం. ఎవరు ఎవరికి ఘోరసత్వమో కథ చెప్పేవాడు నిలబడిన చోటును బట్టి మారుతున్నది.

బలహీనుడు బలవంతుణ్ణి ఆ పేరుతో పిలిస్తే అది ఆర్తనాదం. బలవంతుడు బలహీనుణ్ణి ఆ పేరుతో పిలిస్తే అది హింసకు అనుమతిపత్రం. మాట ఒకటే గాని ఫలితం వేరు. మనిషిని మనిషి కానిదిగా పిలిచిన తరువాత అతనికి ఏమి చేసినా పాపం అంటదన్న భ్రాంతి కలుగుతుంది. ఈ ప్రమాదానికి విరుగుడు కూడా అదే గ్రంథంలో ఉండడం విశేషం. 87వ కీర్తనలో దేవుడు తనను ఎరిగినవారి జాబితా చెబుతూ రాహాబునూ బబులోనునూ అందులో చేరుస్తాడు. వారు కూడా సీయోనులో పుట్టినవారిగానే లెక్కకు వస్తారు. శత్రువును ఘోరసత్వమన్న పేరుతోనే పిలుస్తూ, అదే ఊపిరిలో అతణ్ణి సొంత ఊరి బిడ్డగా ఒప్పుకున్న అరుదైన వాక్యం అది.

యోబు అడిగినది, విన్నది

ఈ దారులన్నీ యోబు గ్రంథంలో కలుస్తాయి. నిర్దోషి అయిన యోబు ఆస్తినీ సంతానాన్నీ ఆరోగ్యాన్నీ కోల్పోయి బూడిదలో కూర్చుంటాడు. అతడు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. లెవియాతానును రేపగల మంత్రగాళ్లు ఆ దినాన్ని శపించాలని అతడు కోరుకుంటాడు. సృష్టి అంతా వెనక్కి తిరిగి చీకటిలో కలిసిపోయినా అతనికి సమ్మతమే. ఆ తరువాత ఏడవ అధ్యాయంలో దేవుణ్ణే ఒక ప్రశ్న అడుగుతాడు. తాను సముద్రమా, తన్నీనా, తనపై ఇంత కాపలా ఎందుకు అన్నది దాని సారాంశం. మొత్తం గ్రంథంలో ఇంతకంటె గుండెను పిండే ప్రశ్న లేదు. అకారణంగా బాధపడే మనిషికి తాను దేవుని దృష్టిలో అణచివేయదగిన ఘోరసత్వంగా మారిపోయానేమోనన్న అనుమానం కలుగుతున్నది. మిత్రులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఆ అనుమానాన్ని పోగొట్టకపోగా బలపరుస్తారు. శిక్ష ఉన్నది గనుక నేరం ఉండి తీరుతుందని వారి తర్కం.

చివరకు సుడిగాలిలో నుంచి దేవుడు మాట్లాడతాడు. యోబు ఎందుకు బాధపడ్డాడో ఆ మాటలలో ఎక్కడా లేదు. దానికి బదులు సృష్టి ఊరేగింపు ఒకటి సాగుతుంది. ఉగారిత్ కథలో దేవుని శత్రువైన సముద్రం ఇక్కడ అప్పుడే పుట్టిన శిశువు. దేవుడు దానికి మేఘాన్ని వస్త్రంగా, చీకటిని పొత్తిగుడ్డగా చుడతాడు. దాటరాని గడియ కూడా పెడతాడు. అడవిగాడిద, నిప్పుకోడి, గద్ద వరుసగా నడిచిన తరువాత బెహెమోతు వస్తుంది. నిన్ను చేసినట్లే దీనినీ చేశాను అన్న భావంతో దేవుడు దానిని పరిచయం చేస్తాడు. ఆపై లెవియాతాను అవయవ సౌష్ఠవాన్ని, కవచం వంటి పొలుసులను, నిర్భయత్వాన్ని ఒక శిల్పి తన కృతిని చూపినంత మక్కువతో వర్ణిస్తాడు. గర్విష్ఠులందరిపై అది రాజు అని చెప్పడంతో ప్రసంగం ముగుస్తుంది. ఆ సత్వాన్ని చంపినట్లు గాని, చంపబోతున్నట్లు గాని అందులో ఒక్క మాట లేదు.

ఈ సమాధానాన్ని బలప్రదర్శనగా చదివినవారు చాలామంది ఉన్నారు. ప్రశ్న అడిగిన అభాగ్యుణ్ణి భయపెట్టి నోరు మూయించడమే దీని ఉద్దేశమని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో సత్యాంశం లేకపోలేదు, ఎందుకంటే పిల్లలను పోగొట్టుకున్న తండ్రికి మొసలి వర్ణన ఓదార్పు కాదు. అయితే ఆ ప్రసంగం యోబు ఏడవ అధ్యాయపు ప్రశ్నకు నేరుగా జవాబు చెబుతున్నదని కూడా గుర్తించాలి. తానొక ఘోరసత్వమా అని అతడు అడిగాడు. నిజమైన ఘోరసత్వం కూడా దేవునికి శత్రువు కాదని అతనికి చూపబడింది. అదే శత్రువు కానప్పుడు బూడిదలో కూర్చున్న మనిషి ఎట్లా శత్రువు అవుతాడు? అతని బాధ శిక్ష కాదన్నమాట. మిత్రులు తనను గురించి యుక్తంగా పలకలేదనీ, యోబే యుక్తంగా పలికాడనీ దేవుడు చివరి అధ్యాయంలో తీర్పు చెప్పడం ఈ అర్థాన్ని బలపరుస్తుంది. బాధకు కారణం తెలియలేదు, కాని బాధితుడి మీద పడిన నింద తొలగింది.

తరువాతి కాలం

తరువాతి తరాలు ఈ సందిగ్ధాన్ని తట్టుకోలేకపోయాయి. లెవియాతానును ఆడదిగా సముద్రగర్భంలో, బెహెమోతును మగదిగా ఎడారిలో నిలిపిన హనోకు గ్రంథం వచ్చింది. అంత్యకాలంలో నీతిమంతులకు లెవియాతాను మాంసంతో విందు జరుగుతుందని తల్మూదు ఊహించింది. క్రైస్తవుల ప్రకటన గ్రంథంలో ఏడు తలల సర్పం సాతానుతో ఏకమైపోయింది. 1651లో ఇంగ్లండు తత్త్వవేత్త థామస్ హాబ్స్ గర్విష్ఠులపై రాజు అన్న మాట ఆధారంగా సర్వాధికారం గల రాజ్యానికే లెవియాతాను అని పేరు పెట్టాడు.

శత్రువును సంహరించాలా, అర్థం చేసుకోవాలా అన్న ఇదే సంఘర్షణ భారతీయ వాఙ్మయంలోనూ ఉన్నది. ఋగ్వేదంలో ఇంద్రుడు వృత్రుడనే మహాసర్పాన్ని వజ్రాయుధంతో చంపి నీళ్లను విడిపిస్తాడు. అక్కడ వృత్రుడు కేవలం అడ్డంకి. భాగవతం షష్ఠస్కంధానికి వచ్చేసరికి వృత్రుడు పూర్వజన్మలో చిత్రకేతు మహారాజు, పరమభక్తుడు. రణరంగంలో ఇంద్రునికే తత్త్వం బోధించినవాడు. అతణ్ణి చంపిన ఇంద్రుణ్ణి బ్రహ్మహత్యాపాతకం వెంటాడుతుంది. ఏర్చూరి సింగన తెనిగించిన ఆ స్కంధం తెలుగు పాఠకులకు పరిచితమే. ఒక సంప్రదాయం నుంచి మరొకటి దీనిని గ్రహించలేదు. శత్రువు ముఖంలోకి తగినంత సేపు చూసిన ప్రతి సంప్రదాయమూ ఇటువంటి చోటికే చేరుకుంటున్నదని చెప్పడం సబబు.

ఆ దృష్టితో చూస్తే తెలుగు అనువాదకులు ఎన్నుకున్న మకరము అనే మాటలో వారు ఉద్దేశించినదానికంటె ఎక్కువ అర్థం ఇమిడి ఉన్నది. మకరం మొసలి కూడా, ఏ నదిలోనూ లేని వింత ప్రాణి కూడా. అది వరుణునికీ గంగకూ వాహనం, మన్మథుని ధ్వజంపై చిహ్నం. దేవాలయాలలో మూలమూర్తి వెనుక మకరతోరణమై నిలిచేది అదే. భయంకరమైనదాన్ని చంపి పారవేయక, మచ్చిక చేశామని భ్రమపడక, దైవసన్నిధిలో దానికొక చోటు ఇచ్చిన ఊహ అది. యోబుకు సుడిగాలిలో వినిపించిన మాట దీనికి దూరమైనది కాదు.

ఏదైనా విపత్తు వచ్చినప్పుడు దానికి ఒక ముఖం తగిలించి, ఆ ముఖాన్ని ఎదుటి జాతికో, ఎదుటి మతానికో, నోరులేని అభాగ్యునికో అంటగట్టడం మానవ సమాజాలకు పాత అలవాటు. యోబు మిత్రులు చేసినదీ అదే. ఘోరసత్వం ఏ జంతువు, ఏ దేశపు కథ అన్న ప్రశ్నలకు పండితులు చాలావరకు సమాధానం కనుగొన్నారు. ఆ పేరుతో ఎవరిని పిలుస్తున్నాం, పిలిచిన తరువాత వారికి ఏమి చేస్తున్నాం అన్నది మాత్రం ప్రతి తరం తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న.